గోడకు తిరిగిన డ్రైవరు

నిర్మల్ బొమ్మకు కళ్లు చివర్న దిద్దుతాం. అప్పటిదాకా దాని మొహం గోడకు తిప్పి పెట్టడం మా బాపు పద్ధతి. చూపు లేని బొమ్మ ఇంట్లోవాళ్లకు ఎదురుగా ఉండకూడదనేవాడు. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషికి ఈ పట్టింపేమిటని అన్న ఎక్కిరించేవాడు. బాపు పోయాక ఆయన కుంచెతో పాటు ఆ పట్టింపూ నాకొచ్చింది.

అన్న మిలిటరీలో ట్యాంకు నడిపేవాడు. ఒక సెలవులో ప్లాస్టిక్ ముక్కలున్న డబ్బా తెచ్చాడు. ముక్కలన్నీ కత్తిరించి అతికిస్తే జానెడు ట్యాంకు అవుతుంది. అందులో మిరియం గింజంత తలతో ఒక డ్రైవరు బొమ్మ కూడా ఉంది.

"గిది నా బండి. అతికిచ్చుడు నా పని, రంగేసుడు నీ పని చెల్లె," అన్నాడు.

"మంచిగ మెరిసేటట్టు వేస్త."

"మెరిస్తే దుష్మన్‌కు దొరుకుతం. మా బండికి మట్టే సింగారం," అని నవ్వాడు. చక్రాల దగ్గరే సెలవైపోయింది. మిగతాది మళ్లీ వచ్చినప్పుడు చేద్దామన్నాడు.

మళ్లీ సెలవు మీద బయల్దేరాడు గాని ఇంటిదాకా రాలేదు. రైలు దిగి ఎక్కిన కిరాయి జీపు వానలో ఘాట్ మలుపు దగ్గర బోల్తా పడింది. అంత పెద్ద ఇనుప బండి నడిపినవాణ్ణి ఒక డొక్కు జీపు మింగింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దవాఖానలో గుర్తుపట్టడానికి నేనే లోపలికి వెళ్లాను. మమ్మల్ని కన్న అవ్వ చూసి తట్టుకోలేదని పెద్దమనుషులు పెట్టెకు అక్కడే మూత బిగించారు. ఇంటికి తెచ్చాక అవ్వ ఆ మూత మీద చేయి పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. నన్ను ఏమీ అడగలేదు. అప్పట్నుంచి ఆ అడగని మాట మా ఇద్దరి మధ్య మూడో మనిషిలా తిరిగేది.

పోయిన ఎండాకాలం ఆ ట్యాంకు డబ్బాను అటక మీంచి దించాను. చేతి అలవాటుకొద్దీ మిగిలిన చక్రాలకు మా చెక్క బొమ్మలకు పూసే చింతగింజల జిగురే పూశాను. పొద్దున లేచేసరికి చక్రాలు ఊడి, ఒకటి గడప దాకా దొర్లి ఉంది. ఎవరో దొర్లించారని భయపడ్డాను. తర్వాత నా తెలివికి నన్ను నేనే తిట్టుకుని, బజారుకు పోయి ప్లాస్టిక్ అతికే జిగురు తెచ్చాను. రంగు దగ్గరా అదే కథ. పని అయ్యాక చూస్తే ట్యాంకు పెళ్లికి తయారైనట్టు తళతళలాడుతోంది. అన్న ఉంటే ఎంత నవ్వేవాడో! గరుకు కాగితంతో మెల్లగా మెరుపు తీసి, నల్లరేగడి మట్టిని బట్టలో జల్లించి కుంచెతో అద్దాను.

డ్రైవరుకు బట్టలు, చేతులు, మీసం అన్నీ అయ్యాయి. కళ్లే మిగిలాయి. దిద్దబోతే దవాఖానలో చూసిన మొహమే ఎదురొచ్చేది. బొమ్మను తీసేసి, దాని తల బయటికొచ్చే కంతకు పైమూత అతికిస్తే ఆ బాధే ఉండదు. ఏదీ తేల్చుకోలేక, డ్రైవరుతో సహా ట్యాంకును గోడకు తిప్పి బొమ్మల కార్ఖానాలో పనికి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి ట్యాంకు వంటింటి వైపు తిరిగి ఉంది. మళ్లీ గోడకు తిప్పాను. మర్నాడూ అంతే.

"అవ్వా, నువ్వు ముట్టినవా?"

"నాకేం పని? నేను ముట్టలే."

భయమేసింది. ప్రార్థన చేసుకున్నాను. కానీ ఆ భయంలో ఆశ కూడా ఉంది. తిప్పింది అన్నే అయితే బాగుండునని.

ఒకరోజు కార్ఖానాలో కరెంటు పోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. కిటికీలోంచి అవ్వ కనబడింది. ట్యాంకు ముందు కూలబడి, రెండు చేతులతో దాన్ని తన వైపు తిప్పుకుంటోంది.

"గోడకేందిరా బిడ్డా, ఇటు సూడు. జర నీ మొకం సూపియ్యి," అంటోంది.

నా భయం పోయింది. దానికంటే బరువైనదేదో ఎదలో కూర్చుంది. మూత ఆలోచన అక్కడే వదిలేశాను. లోపలికి పోయి చేతులు కడుక్కుని, అన్నిటికంటే సన్నని కుంచె తీశాను. దవాఖానలోని మొహాన్ని పక్కకు నెట్టి, చక్రాలు అతికిస్తూ నన్ను ఎక్కిరించిన మొహాన్ని గుర్తు చేసుకున్నాను. ఊపిరి బిగబట్టి రెండు చుక్కలు పెట్టాను. కుడి కన్ను కొంచెం చిన్నగా పెట్టాను. నవ్వితే అన్నకు అట్లాగే అయ్యేది.

అవ్వ కళ్లద్దాలు పెట్టుకుని ట్యాంకును వెలుతురుకు జరుపుకుంది. చాలాసేపు చూసింది.

"దవఖానల నువ్వు సూసినవ్ గద బిడ్డా. గిట్లనే ఉండెనా?"

కుంచె ఇంకా నా చేతిలోనే ఉంది.

"గిట్లనే ఉండె అవ్వా."

అవ్వ నా మొహంలోకి చూసింది. నా మాట నమ్మలేదని నాకు తెలిసిపోయింది.

"మంచిగ దిద్దినవ్. ఇగ గోడకు తిప్పకు," అంది. పెట్టె ఇంటికొచ్చిన రోజు ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.