మేడ మీది బోర్డుకి మంగళగిరి మీదుగా

ఉదయం ఆరింటికి వినుకొండలో గుంటూరు ప్యాసింజరు ఎక్కాను. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. రెండు చంకకర్రల మీద నడుస్తాను, చేతిమిషను మీద జాకెట్లు కుడతాను. వికలాంగుల సర్టిఫికెట్ కోసం మూడుసార్లు తిరిగాను. అది ఉంటేనే బస్సు పాసు, కొత్త మిషనుకి లోను. అది రాసే డాక్టర్ల బోర్డేమో ఆసుపత్రి మేడ మీద కూర్చుంటుంది. ఎక్కలేనివాళ్ళని అటెండరు వీపున మోస్తాడు. ముప్పై ఏళ్ళదాన్ని, పరాయి మగాడి వీపెక్కనా? మూడుసార్లూ తిట్టుకుంటూ తిరిగొచ్చాను. బోర్డున్న ఊరి పేరు రాయను, తిరిగినవాళ్ళకి తెలుసు.

పెట్టెనిండా మిరపకాయ ఘాటు. నల్లపాడు దాకా తుమ్ముతూనే ఉన్నాం. పక్కన కూర్చున్నామె అడిగింది.

"ఎందాకా అమ్మాయ్?"

"మంగళగిరి. ఆఫీసుల్లో ఎలా అడగాలో రెండు రోజులు నేర్పుతారంట."

"అడగటానికీ బడి ఉందా! మా ఆయన్ని పంపాలి, నోట్లోంచి మాట రాదు."

తొమ్మిదింటికి గుంటూరు, బస్సులో పదింటికి మంగళగిరి. నేర్పేది మార్తమ్మ టీచరుగారు. ఆవిడకి చూపులేదు. తనే ఆఫీసరై మా చేత అడిగించారు. నేను నిలబడి దణ్ణం పెట్టబోతే, "గాజులు గలగలమన్నాయి, దణ్ణం పెడుతున్నావా? చెయ్యి దించి కూర్చో" అన్నారు. నా మేడ గొడవ విని ఇంకో మాట చెప్పారు: "నిన్ను మెట్లెక్కించమంటే నువ్వొక్కదానివే ఎక్కుతావు. ఎవరూ ఎక్కే పనే లేకుండా చెయ్యమను." మధ్యాహ్నం గోంగూరన్నం బ్రహ్మాండంగా ఉంది.

రెండోరోజు పదకొండింటికి, నేర్చుకోవటానికి వచ్చినవాళ్ళందరం కలిసి రాసిన అర్జీ పట్టుకుని ఆ బోర్డు దగ్గరికే వెళ్ళాం. పెద్ద డాక్టరుగారు మేడ దిగి వచ్చారు, మంచాయనే.

"నీ కాగితాలివ్వమ్మా. డాక్టర్లని కిందికి పిలిచి నీది ఇప్పుడే రాయిస్తా."

నా చెయ్యి సంచిలోకి వెళ్ళిపోయింది. అబద్ధమెందుకు, ఇచ్చేసేదాన్నే. మా గుంపులో పెద్దవాడు కోటయ్య బాబాయి, తన కొడుకు వీపెక్కి వచ్చాడు. నా సంచి వంక చూసి బాబాయి తల తిప్పుకున్నాడు. నాది రాస్తే మా అర్జీ అక్కడితో సరి.

"నా ఒక్కదానికొద్దు సార్. బోర్డునే కింద పెట్టండి."

"కింద గది ఖాళీ లేదమ్మా."

"అందులో ఏముందండీ?"

అటెండరు చెప్పాడు, విరిగిన కుర్చీలని. ఒళ్ళు మండిపోయింది.

"కాళ్ళు విరిగిన కుర్చీలకి కింద గదా? మాకేమో మేడా?"

డాక్టరుగారు ఆ గది తలుపు దాకా వెళ్ళి, తాళం తెమ్మన్నారు. వచ్చే మంగళవారం నుంచి బోర్డు కిందేనని అర్జీ మీదే రాసి సంతకం పెట్టారు. ఈలోగా బోర్డు టైమైపోయి మేడ మీది డాక్టర్లు వెళ్ళిపోయారు. నా కాగితాలు సంచిలోనే ఉన్నాయి.

మూడింటి బస్సుకి తిరుగుప్రయాణం. పాసు లేదు కాబట్టి ఫుల్ టిక్కెట్టే. సంగతి విని పక్కసీటు ముసలామె, "నోటికాడ కూడు కాలదన్నుకున్నావే పిచ్చిమొద్దూ!" అని కేకలేసింది. నిజమేననిపించి నరసరావుపేట దాకా ఏడ్చాను. ఆ తర్వాత ఆకలేసింది. ముసలామె ఇచ్చిన జంతికలు తిన్నాను.

మంగళవారం వెళ్ళేవాళ్ళు పదింటికల్లా చేరండి. గేటు దాటగానే కుడివైపు మొదటి గది. గడప కూడా లేదు. లైన్లో నేనూ ఉంటాను.