ఎడమ పక్కకు మారిన ఫ్యాను

మా మామ పోయిన కబురు నాకు గుట్ట మీది పల్లెలో, ఒక చంటిపిల్లకు టీకా వేస్తుండగా తెలిసింది. ఫోన్ చేసింది నా భర్త. "నాయన పొయినాడు. నిద్రలోనే. నువ్వు నిదానంగా రా" అన్నాడు. టీకాల పెట్టెలో ఇంకా మందు ఉంది, మంచు కరుగుతోంది, అరుగు మీద తల్లులు పిల్లల్ని ఒళ్లో వేసుకొని వరసగా కూర్చొని ఉన్నారు. ఆ మందు వృథా చేసి దిగివస్తే మామ ఒప్పుకొనే మనిషి కాదు. మిగిలిన పిల్లలందరికీ వేసి, ఆ తర్వాతే ఏడ్చాను.

పుంగనూరు దగ్గరి పల్లె మాది. తొంభైల నడుమ నేను కోడలిగా వచ్చిన కొన్నాళ్లకే నర్సు ఉద్యోగం వచ్చింది. నాకిచ్చిన పల్లెల్లో సగం గుట్టల మీద ఉండేవి. బస్సు లేదు, జీపు ఎక్కదు. నా భర్త కుప్పంలో గ్రానైట్ పాలిషింగ్ పనిలో ఉండేవాడు, ఆదివారం వస్తే వచ్చినట్టు. ఆ పల్లెలకు టీకాలు సరిగా అందడం లేదని పై ఆఫీసులో అప్పటికే నా మీద గుర్రుగా ఉన్నారు. ఇంకోసారి తప్పితే దూరం బదిలీ చేస్తామన్నారు. దూరమంటే ఇక ఉద్యోగం మానుకోవడమేనని ఇంట్లో అందరికీ తెలుసు, అందరికంటే ముందు నాకు తెలుసు.

అప్పుడు మామ కొడుకుతో చెప్పి కుప్పం నుంచి ఒక బండి తెప్పించాడు. క్వారీ దారుల్లో సూపర్‌వైజరు తిరిగిన మోటారుసైకిలు అది. గట్ల గట్ల టైర్లు, ఎత్తైన సీటు, ఊరంతా తొంగి చూసేంత చప్పుడు. ఆయన టమోటా పండించే రైతు. బోరు మోటారు స్టార్టరు విప్పి బిగించుకోవడం తప్ప యంత్రాల గురించి ఆయనకు తెలిసింది తక్కువే. కానీ తెలియదని ఒప్పుకొనే అలవాటు అంతకంటే తక్కువ.

అసలు చిక్కు బండితో కాదు, నేను కూర్చోవడంతో వచ్చింది. మా వైపు కోడలు మామ ఎదుట కుర్చీలో కూర్చోదు. చెప్పాల్సింది అత్తతో చెప్పి పంపిస్తుంది. అలాంటిది ఆయన వెనకాలే బండెక్కి ఊరి నడుమ పోవడమేమిటి? నేను గడప దగ్గర నిలబడిపోయాను. మామ టీకాల మంచుపెట్టె తెచ్చి సీటు మధ్యలో పెట్టాడు.

"ఇది మన ఇద్దరి మధ్యన ఉంటాదమ్మా. ఎవురన్నా అడిగితే, నేను పెట్టెను తీసకపోతాండా, దాన్ని పట్టుకునేదానికి ఒక మనిషి కావల్ల గదా అని చెప్తా."

అలా ఆ పెట్టెకు తోడుగా నేను ఎక్కాను, ఎడమవైపు కాళ్లు వేసుకొని. ఊరు రెండు రోజులు నవ్వి ఊరుకుంది.

ఇక ఇంజను సంగతి. అది గాలి తగిలితే చల్లబడే రకం. చదును రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. గుట్ట ఎక్కేటప్పుడు మొదటి గేరులో నడక వేగంతో పోవాలి. గాలి తగలదు, ఇంజను మాత్రం అరుస్తూనే ఉంటుంది. సగం దారిలో కాగిపోయి ఆగిపోయేది. అది చల్లారేదాకా మేం చింతచెట్టు కింద నిలబడేవాళ్లం. ఈలోగా పైన తల్లులు చూసి చూసి కూలి పనులకు వెళ్లిపోయేవాళ్లు.

మదనపల్లె మార్కెట్‌లో టమోటాలు వేసి వస్తూ మామ పాత ఇనుము అంగట్లో ఒక కారు ఫ్యాను తెచ్చాడు. ఇంజను పక్కన బిగించి బ్యాటరీకి కలిపితే బ్రహ్మాండంగా తిరిగింది. రెండో మలుపుకే బ్యాటరీ అంతా తాగేసింది. హారన్ కొడితే దూడ మూలిగినట్టు మూలిగింది. తర్వాత కారు డ్రైవర్లు మొహానికి ఎదురుగా పెట్టుకొనే చిన్న ఫ్యాను పట్టుకొచ్చాడు. అది సరిపోయింది. కానీ తీగ నేరుగా బ్యాటరీకే ఇవ్వడంతో బండి ఆపినా ఫ్యాను ఆగలేదు. ఆయన టీ అంగడి దగ్గర మాటల్లో పడి వచ్చేసరికి బ్యాటరీ చల్లగా పడుకుంది. ఎండలో బండి తోసుకొచ్చాక తీగను బండి తాళం గుండా వచ్చేట్టు కలిపి, మధ్యలో ఒక ఫ్యూజు పెట్టాడు. "తాళం తీస్తే అది కూడా నిద్దర పోవల్ల" అన్నాడు, మొదటినుంచీ తన ఆలోచన అదే అయినట్టు.

మొదట ఆ ఫ్యాను కుడివైపున ఉండేది. ఇంజను వేడంతా ఎడమవైపుకు, నా పాదాల మీదికి కొట్టేది. మామతో చెప్పేదెట్లా? ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకున్నాను. మరుసటి రోజు చూస్తే ఫ్యాను ఎడమవైపుకు మారి ఉంది. నా చీర చిక్కకుండా దానికి ఒక జల్లెడ బిగించి ఉంది. అత్త వంటింట్లోంచి "నా పిండి జల్లెడ యాడ పెట్టినావు?" అని అరుస్తూనే ఉంది.

ఆ రోజు తెగించి ఆయన్ని నేరుగా అడిగాను, "యాల మార్చినావు మామా?" అని.

"కుడిపక్క కిక్కు కొట్టేదానికి అడ్డం వస్తాండాది" అన్నాడు.

నమ్మాను. కిక్కు కుడివైపే ఉంటుంది కదా. ఫ్యాను గాలి లాక్కుంటుంటే నా పాదాలకు చల్లగా తగిలేది. ఆ గుట్ట దారిలో ఎంత సుఖంగా ఉండేదో చెప్పలేను. ఆ తర్వాత ఏ పల్లెకూ టీకా తప్పలేదు, బదిలీ మాట మళ్లీ రాలేదు.

ఆ బండికి లైటూ ఫ్యానూ కలిపి మోసే శక్తి లేదు. అందుకని స్విచ్చి ఇటు తిప్పితే లైటు, అటు తిప్పితే ఫ్యాను. ఒకసారి పొద్దుగూకే వేళ గుట్ట మీద నుంచి కాన్పు కబురు వచ్చింది. లైటు వేస్తే ఇంజను కాగుతుంది, ఫ్యాను వేస్తే దారి కనపడదు. మామ టార్చిలైటు నా చేతికిచ్చాడు.

"రెండూ కావల్లంటే దానికి శక్తి యాడనుంచి వస్తాదమ్మా? ఒగటి మనం పట్టుకోవల్ల. దారి నువ్వు సూపించు, ఇంజను నేను సూసుకుంటా."

పెట్టె మీదుగా, ఆయన భుజం పక్కనుంచి టార్చి వేస్తూ ఆ గుట్ట ఎక్కాం. తల్లీ బిడ్డా దక్కారు. ఆ బిడ్డకు నేను ఇంజెక్షన్లు వేసిన ప్రతిసారీ మామ బయటి నుంచే "మన టార్చిలైటు పాప ఎట్లుండాది?" అని అడిగేవాడు.

మోకాళ్లు అరిగాక ఆయన బండి నడపడం మానేశాడు. నేను గుట్ట కింది దాకా ఆటోలో పోయి నడిచి ఎక్కేదాన్ని. అయినా రోజూ పొద్దున పొరుగింటి వాళ్ల చేత బండి స్టార్టు చేయించి, పక్కన కూర్చొని ఆ చప్పుడు వినేవాడు.

ఆయన పోయిన రోజు నేను గుట్ట దిగి ఇల్లు చేరేసరికి ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. కాళ్లకు నీళ్లు పోయడానికి వంగాను. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా ఆయన పంచె ఎప్పుడూ మడమల దాకా దించుకొనే నా ఎదుటికి వచ్చేవాడు. బండి మీద మాత్రం మోకాళ్ల దాకా ఎగ్గట్టేవాడు, అప్పుడు నేను వెనక ఉండేదాన్ని. పంచె అంచు కొంచెం జరిగింది. కుడి పిక్క లోపలివైపు చర్మం నల్లగా, వల పరిచినట్టు మచ్చలు కట్టి ఉంది. మదనపల్లెలో పట్టుగూళ్లు ఉడికించే పొయ్యిల దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్న ఆడవాళ్ల కాళ్ల మీద ఆ మచ్చ చూశాను. అది రోజూ వేడి తగిలితే పడే మచ్చ.

అత్త నా మొహం చూసింది. "నీ పాదాలు ఎర్రగా కాగినాయని ఆ పొద్దు నేనే చెప్పినా అమ్మీ. తెల్లారేసరికి ఫ్యాను తిప్పి పెట్టినాడు. నీకు చెప్పొద్దన్నాడు, తెలిస్తే బండెక్కవని" అంది.

దినాలు అయ్యాక నా భర్త నన్ను ఆ బండి మీదే గుట్టకు తీసుకుపోయాడు. అలవాటుగా పెట్టె మధ్యలో పెట్టుకొని ఎడమవైపు కూర్చున్నాను. ఎక్కుడు మొదలవగానే నా భర్త స్విచ్చి తిప్పాడు. నా పాదాలకు ఎప్పటిలాగే చల్లగాలి తగిలింది. సగం దారిలో బండి కాసేపు ఆపమని, ఇంజను ఆర్పొద్దని చెప్పి దిగాను. చుట్టూ తిరిగి కుడివైపుకు వెళ్లి, మామ పిక్క ఉండే చోట చెయ్యి పెట్టాను. రెండు క్షణాలు కూడా ఉంచలేకపోయాను.