షాట్ అయ్యాక నవ్వు

అమీర్‌పేటలో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌లో ఒక మధ్యాహ్నం ఆడపిల్లలంతా టిఫిన్ బాక్సులు ముందు పెట్టుకుని ఒకే ఫోన్‌లోకి తలలు దూర్చి చూస్తున్నారు. ఉన్నట్టుండి అందరూ ఒక్కసారిగా కెవ్వుమన్నారు. ఒకమ్మాయి చేతిలోని బాక్సు మూత కింద పడి దొర్లుకుంటూ నా బల్ల దాకా వచ్చింది. ఏం చూస్తున్నారని నేను అడగలేదు. ఆ అరుపు ఏ సినిమాదో, ఏ సీనుదో నాకు తెలుసు.

"మేడమ్, మీరు చూసిండ్రా గీ సినిమా? లాస్ట్‌ల శవం నవ్వుతది. నాకైతే పానం పోయింది" అంది ఆ అమ్మాయి, మూత కోసం వచ్చి.

"చూశాను" అన్నాను. కింద పడ్డ మూత అందించాను. ఆ నవ్వే శవం మా నాన్న అని మాత్రం చెప్పలేదు. చెబితే పాఠం పక్కన పెట్టి నాతో ఫోటోలు దిగుతామంటారు.

ఆ సినిమా వచ్చేనాటికి వీళ్ళెవరూ పుట్టలేదు. అందులో పేరున్న నటుడు లేడు, పాట లేదు. దయ్యం మొహానికి పూసిన తెల్ల పౌడరు చెవుల దగ్గరే ఆగిపోయి, మెడ మామూలు రంగులో కనిపిస్తూ ఉంటుంది. అది చూసి పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆఖరి సీను వచ్చేసరికి మాత్రం ఆ నవ్వులు ఆగి అరుపులు మొదలవుతాయి. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

ఎందుకంత భయమో వివరిస్తూ పెద్ద పెద్ద మాటలు రాసినవాళ్ళున్నారు. సంగీతం పెట్టకుండా నిశ్శబ్దాన్ని వాడుకున్నారని ఒకరు, కెమెరాని కదపకపోవడం వెనక గొప్ప ఆలోచన ఉందని ఇంకొకరు. చదివితే నాకు ఒళ్ళు మండుతుంది. సంగీతం లేనిది అప్పటికి నిర్మాత చేతులెత్తేశాడు కాబట్టి. కెమెరా కదలనిది, దాన్ని కదిపేవాడు అన్నానికి వెళ్ళిపోయాడు కాబట్టి. భయం మాత్రం అబద్ధం కాదు. అది మా ఇంటి గుమ్మం దగ్గర మొదలైంది, అందుకని అక్కడి నుంచే చెప్పాలి.

నాన్న జూనియర్ ఆర్టిస్టు. పొద్దున్నే కృష్ణానగర్ వెళ్ళి ఏజెంటు కోసం ఎదురుచూసి, ఎక్కడికి పంపిస్తే అక్కడికి వెళ్ళేవాడు. పెళ్ళి సీన్లో చుట్టం, కోర్టు సీన్లో బంట్రోతు, సంత సీన్లో ఉల్లిపాయలు బేరమాడే మనిషి. ఊపిరి బిగబట్టి ఎంతసేపైనా కదలకుండా పడుకోగలడని తెలిశాక ఆయనకి ఎక్కువగా శవం వేషాలే వచ్చాయి. పోలీసు దుప్పటి తొలగించి చూపించే శవం, చెరువులో తేలిన శవం, పాడె మీద శవం. మేము తిన్న బియ్యంలో చాలా భాగం నాన్న అలా చచ్చి తెచ్చిందే.

సినిమావాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. శవంగా నటించినవాడు షాట్ అవగానే లేచి పోకూడదు. కెమెరా ఇంకా తిరుగుతుండగానే కళ్ళు తెరిచి, దానివైపు చూసి, ఒకసారి నవ్వాలి. చచ్చిపోయినట్టు కెమెరా చూసింది కాబట్టి, బతికే ఉన్నట్టు కూడా కెమెరానే చూడాలన్నమాట. లేకపోతే మనిషికి కీడు. ఆ నవ్విన ముక్కని తర్వాత కత్తిరించి పారేస్తారు. పెద్ద నటుడైతే అందరూ గుర్తుపెట్టుకుని నవ్విస్తారు. నాన్నలాంటివాళ్ళు అడిగి నవ్వాలి.

అమ్మకి ఆ నవ్వంటే ప్రాణం. నాన్న షూటింగ్ నుంచి రాగానే చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడేది.

"నవ్వినవా?"

"నవ్విన."

"కెమెరా నడుస్తుండంగనేనా?"

"నడుస్తుండంగనే. జర జరుగవే, ఆకలైతుంది."

అప్పుడు గానీ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఇచ్చేది కాదు. ఒకసారి ఆయన మరిచిపోయి వస్తే వచ్చిన దారినే వెనక్కి పంపింది. నాన్న మళ్ళీ స్టూడియోకి పోయి, సామాను సర్దుకుంటున్న కెమెరా మనిషిని బతిమాలి, నవ్వి వచ్చాడు. వాడకట్టులో అందరూ ఆయన్ని ఆట పట్టించేవాళ్ళు. నాన్న కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఆయనది పెద్ద నవ్వేం కాదు. ముందు కళ్ళు మనిషి కోసం వెతుక్కునేవి. దొరికాక ఎడమ పెదవి చివర కొంచెం లేచేది, ఆ తర్వాత మెల్లగా మొహమంతా నవ్వయ్యేది.

పంజాగుట్టలో కూలగొట్టబోతున్న ఒక పాత ఇల్లు చవగ్గా దొరికితే ఆ సినిమా అందులో తీశారు. నాన్నది అందులో ఇంటి పెద్ద వేషం. పెద్ద అంటే, మంచం మీద చచ్చిపోయి ఉండడమే. చుట్టాలంతా ఏడ్చి ఒక్కొక్కరే బయటికి వెళ్ళిపోతారు, శవం ఒంటరిగా మిగులుతుంది. సినిమా అక్కడితో అయిపోవాలి. ఆ షాట్‌కి ముందే నాన్న డైరెక్టర్ని అడిగి పెట్టుకున్నాడట, చివర్లో నవ్వుతానని.

"ఉన్న ఫిల్మే ఇంత. మీ నవ్వు కోసం దాన్ని తగలెయ్యమంటారేంటి?" అన్నాడట ఆయన. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు.

"ఇంటికి పోతే అడుగుతది సార్. నవ్వలేదంటే లోపటికి రానియ్యదు."

అందరూ నవ్వారట. సరే, రీలు చివర మిగిలినంతలో నవ్వుకోమన్నారు. షాట్ అయింది. డైరెక్టరు తల ఊపి అన్నాల దగ్గరికి వెళ్ళిపోయాడు, కెమెరా దగ్గర ఉన్నవాళ్ళు దాన్ని అలాగే నడవనిచ్చి ఆయన వెనకే పోయారు. అయిపోయిందని నాన్నకి చెప్పినవాడు లేడు. ఆయన ఊపిరి బిగబట్టి అలాగే పడుకున్నాడు. మాటలు వినిపించడం లేదని అనుమానం వచ్చి మెల్లగా కళ్ళు తెరిచాడు. ఎవరైనా ఉన్నారా అని చుట్టూ వెతికాడు. ఎవరూ లేరు. ఆఖరికి కెమెరా కనిపించింది. దానివైపు చూసి నవ్వాడు.

అది పారేయాల్సిన ముక్క. కానీ సినిమాకి నిడివి చాలలేదు, మళ్ళీ తీయడానికి ఫిల్ము లేదు. ఎడిటింగ్ గదిలో ఆ ముక్క చూసిన డైరెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. కత్తిరించకుండా ఉంచేశారు.

నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ముగ్గురం కలిసి మ్యాట్నీకి వెళ్ళాం. నాన్న నవ్వగానే హాలంతా అరుపులు. మా ముందు వరసలో ఒకావిడ చెప్పులు వదిలేసి బయటికి పరిగెత్తింది. నాన్నకి సంతోషం పట్టలేదు. అన్నేళ్ళలో ఆయన మొహాన్ని జనం అంతలా పట్టించుకుని చూడడం అదే మొదటిసారి. బయటికొచ్చాక మిర్చీ బజ్జీలు కొనిపెట్టాడు. అమ్మ చేతిలో పొట్లం విప్పకుండా పట్టుకుని నడుస్తోంది. మా గల్లీ మలుపులో ఆగిపోయింది.

"గక్కడ నవ్వింది పీనుగ. నువ్వేడ నవ్వినవ్?" అంది.

"అరె, నేనే గదనే నవ్వింది."

"సినిమా బయట నవ్వాలె. నీ నవ్వును సుత సినిమాల కలిపిండ్రు. నువ్వింకా ఆ మంచం మీదనే ఉన్నవ్."

వేరే షూటింగ్‌లో రెండుసార్లు నవ్వితే సరిపోతుంది కదా అని నేనన్నాను. చచ్చింది ఈ సినిమాలో, బతకడం కూడా ఈ సినిమాకే చూపించాలంది. మూఢనమ్మకమని అరిచాను. చదువుకున్నదాన్ని కదా మరి. నా అరుపులు ఆమె చెవికెక్కలేదు. మర్నాడే పంజాగుట్టలో ఉన్న ఆ సినిమావాళ్ళ ఆఫీసుకి బయల్దేరింది, తోడు నేను వెళ్ళక తప్పలేదు.

"సారూ, ఆ నవ్విన ముక్క తీసెయ్యుండ్రి" అంది డైరెక్టరుతో, కూర్చోకుండానే.

"అదేంటమ్మా! అది తీసేస్తే సినిమాలో ఇంకేముందండీ? జనం వచ్చేదే దానికోసం."

"అయితే ఇంకోపారి కెమెరా పెట్టుండ్రి. మా ఆయన వచ్చి నవ్వి పోతడు. గంతే."

"కెమెరా ఎక్కడిదమ్మా, అద్దెది. ఎప్పుడో తిరిగి ఇచ్చేశాం." ఆయన చెడ్డవాడు కాదు. మాకు టీ తెప్పించాడు, మీవారు అదృష్టవంతులండీ అన్నాడు. అమ్మ టీ ముట్టుకోలేదు.

ఆ తర్వాత నాన్నకి వేషాలు బాగానే వచ్చాయి. అన్నీ నవ్వే శవాలే. నవ్వడమే వేషమైపోయాక, షాట్ అయ్యాక నవ్వాల్సిన నవ్వు ఏదో ఆయనకే తెలియకుండా పోయింది. అమ్మ గుమ్మంలో అడిగితే ఒక క్షణం ఆలోచించేవాడు. కొన్నాళ్ళకి బయట కూడా తిప్పలు మొదలయ్యాయి. ఎర్రగడ్డ బస్సులో ఎదురు సీట్లో ఉన్న పసిపాపని చూసి నవ్వితే, తల్లి గుర్తుపట్టి పాప మొహం కొంగులో దాచేసుకుంది. నాన్న తర్వాతి స్టాపులో దిగి ఇంటిదాకా నడిచి వచ్చాడు. అప్పటినుంచి నలుగురిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాడు, పోనుపోను నవ్వడమే మానేశాడు. నేను డిగ్రీ పట్టా తీసుకున్న రోజు దిగిన ఫోటోలో పెదవులు బిగించుకుని నిలబడి ఉంటాడు. ఆ రోజు ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో నాకు తెలుసు. ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

అమ్మ కూడా అడగడం మానేసింది. నాన్న రాగానే చెంబు అందించి పక్కకి తప్పుకునేది. అడ్డంగా నిలబడి ప్రశ్నలేసినప్పటి కన్నా అదే నాకు ఎక్కువ దిగులు పుట్టించేది.

చాలా ఏళ్ళ తర్వాత, ఒక చలికాలం, నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఊపిరి బిగబట్టి బతికినవాడు చివరికి ఊపిరి అందక పోయాడు. ఆ సినిమాకీ దీనికీ సంబంధం లేదని అమ్మకి చెప్పబోయాను.

"గప్పుడే పోయిండు బిడ్డా. మనకు ఇప్పుడు తెల్సింది" అంది.

నాన్నని ఐస్ బాక్సులో పడుకోబెట్టారు. చుట్టాలూ, తోటి ఆర్టిస్టులూ, ఎవరో తెలియని కుర్రాళ్ళు కూడా వచ్చారు. దండలు వేసినవాళ్ళు వెంటనే కదలడం లేదు. అద్దం మీదికి వంగి మొహంలోకి చూస్తూ నిలబడుతున్నారు. కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఎవరూ పైకి అనలేదు గానీ దేనికోసం చూస్తున్నారో నాకు అర్థమైంది. నోటికొచ్చినట్టు తిట్టి అందర్నీ బయటికి తరిమాను.

వెనక్కి తిరిగితే అమ్మ కొంగుతో అద్దం తుడుస్తోంది. మంచు పడుతోంది, తుడుస్తోంది, మళ్ళీ పడుతోంది, మళ్ళీ తుడుస్తోంది. ఆమె కూడా దానికోసమే చూస్తోంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చుని చూశాను. ఎత్తేముందు అమ్మ అద్దానికి మొహం ఆనించి, "షాట్ అయిపోయింది. అందరు పోయిండ్రు. ఇగ నవ్వు" అంది. నాన్న నవ్వలేదు.

జనం ఆ సీనుకి ఎందుకు భయపడతారో నాకు ఆ రోజే తెలిసింది. మిగతా సినిమాల్లో దయ్యాలకి కోపం ఉంటుంది, పగ ఉంటుంది, అరుస్తాయి. నాన్న మొహంలో కోపం లేదు. నటన కూడా లేదు. పని అయిపోయింది, ఇక ఇంటికి పోవచ్చు అనుకుంటున్న మనిషి నవ్వు అది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, పోయినవాణ్ణి అక్కడే వదిలి మనం వచ్చేశాం. ఆయన మాత్రం నవ్వుకుంటూ ఇంటికి రావడానికి లేస్తున్నాడు. అరిచేవాళ్ళకి ఇదంతా తెలియదు, ఒంటికి మాత్రం తెలుస్తుంది.

మ్యాట్నీ తర్వాత అమ్మ ఆ సినిమా పేరు కూడా ఎత్తనిచ్చేది కాదు. నాన్న పోయిన కొన్నాళ్ళకి తనే తన ఫోన్‌లో పెట్టివ్వమంది. ఆఖరి ముక్క ఒక్కటే చాలంది. పెట్టిచ్చాను. ఇప్పుడు రోజూ దీపాలు పెట్టే వేళకి నేను కోచింగ్ సెంటర్ నుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని అదే చూస్తూ ఉంటుంది. చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళిపోతారు. శవం ఒంటరిగా మిగులుతుంది. కళ్ళు తెరవబోయే ముందు సరిగ్గా, ఒక్కసారి కూడా తప్పకుండా, అమ్మ అడుగుతుంది.

"నవ్వినవా?"

నాన్న కళ్ళు తెరుస్తాడు. ఎవరి కోసమో వెతుకుతాడు. అమ్మ మొహం దొరుకుతుంది, నవ్వుతాడు.

అమ్మ ఫోన్ పక్కన పెట్టి లేస్తుంది. చెంబు నిండా నీళ్ళు తెచ్చి గడప బయట పెడుతుంది. మొదట్లో అవి నాకోసమే అనుకుని వంగబోయాను. "నీక్కాదు" అంది. అప్పటినుంచి ఆ చెంబుకి కాలు తగలకుండా పక్కనుంచి లోపలికి వెళ్తున్నాను. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి తలుపు వెయ్యబోతే, వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపిస్తుంది.

"జర తీసే ఉంచు బిడ్డా. నవ్విండు గద, వస్తుండు."