ముందుకు పరుగెత్తిన ఫిడేలు

ఆర్కెస్ట్రాలో ఆమెను అందరూ గడియారం అనేవాళ్ళు. ఫిడేలు వాయించే మనిషికి ఆ పేరు ఊరికే రాలేదు. మైకు చేతికి రాగానే పాడేవాడు మైమరచి సాగదీస్తుంటే, డ్రమ్స్ వాయించేవాడు అతని వెంటబడి తనూ నీరసిస్తుంటే, ఆమె విల్లును వెంట్రుకవాసి ముందుకు నెట్టి ఇద్దర్నీ దారిలోకి తెచ్చేది. ఎదుట కూర్చున్న జనానికి ఆ సంగతి తెలిసేది కాదు. ఒక్కోసారి పాడేవాడికే తెలిసేది కాదు. ఈరోజు నాకు భలే ఊపొచ్చిందని తన భుజం తనే తట్టుకునేవాడు.

పాప నెలలు నిండకుండా పుట్టాక ఆమె కచేరీలు మానేసింది. నిద్రపోతున్న బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునే తల్లి, ఊళ్ళు పట్టుకుని ఏం తిరుగుతుంది? అప్పుడే, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే భర్త ఒక చిన్న పెట్టె కొనుక్కొచ్చాడు. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారట. కొట్లో ఉన్నవాటిలో అదే చవక. అరచేతిలో పట్టే ఇనప డబ్బా, దాని ముందు తిప్పే నాబ్‌లు మూడు. ఒకవైపు మైకు తగిలించి, ఇంకోవైపు వైరుతో లాప్‌టాప్‌కి కలపాలి. బట్టల బీరువాకీ గోడకీ మధ్య దుప్పట్లు వేలాడగట్టి ఇద్దరూ ఒక మూల తయారుచేశారు.

పాత ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించిన కుర్రవాడు ఇప్పుడు సొంతంగా పాటలు చేస్తున్నాడు. ఆమెను అక్కా అని పిలుస్తాడు, ఆమెకూ తమ్ముడే. అతను ట్రాక్ పంపితే, హెడ్‌ఫోన్స్‌లో టిక్కుటిక్కుమనే తాళానికి ఆమె ఫిడేలు వాయించి తిరిగి పంపేది. అతను దాన్ని గొంతుతో, మిగతా వాద్యాలతో కలిపి మిక్స్ చేసేవాడు. ప్రతిసారీ "అదిరిందక్కా" అని జవాబొచ్చేది. పాప కునుకు తీసే ఆ కాస్త సేపట్లోనే ఆమెకు తనెవరో మళ్ళీ గుర్తుకొచ్చేది.

ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఈసారి పంపిన పాటను వేరేవాళ్ళు మిక్స్ చేస్తున్నారు, ఫిడేలు తాళంకంటే ముందు పోతోందంటున్నారు, ఇంకోసారి వాయించగలవా అని తమ్ముడు నీళ్ళు నమిలాడు. వాయించి పంపింది. మళ్ళీ అదే మాట. పట్టుదలగా ఇంకోసారి వాయించింది. మళ్ళీ అదే.

"అలసిపోయినట్టున్నావక్కా. పోనీ వదిలెయ్."

ఆ వదిలెయ్ అన్న మాట ఆమెకు ముల్లులా దిగింది.

భర్తతో చెబితే, నవ్వించబోయి, గడియారానికి కీ ఇవ్వడం మరిచిపోయామేమో అన్నాడు. ఆమె నవ్వలేదు. కాలి బొటనవేలితో నేలమీద తాళం వేసుకుంటూ వంట చేసింది. ఆ తాళాన్నే నమ్మలేక మధ్యలో ఆపేసింది. తీగ తెగితే మార్చుకోవచ్చు. లోపలి లయ పోతే ఏ డాక్టరుకి చూపించుకోవాలి? చివరికి పాపను జోకొట్టే చెయ్యి కూడా తప్పుతోందేమోనని అనుమానం పట్టుకుంది.

గుట్టు బయటపెట్టింది పాప. ఆమె హెడ్‌ఫోన్స్ ఒక చెవికే తగిలించుకుని, పిల్లను ఒళ్ళో పెట్టుకుని మైకు సరిచేస్తోంది. పాప చెంచాతో బల్లమీద ఒక్కటిచ్చింది. ఖాళీ చెవికి ఒక దెబ్బ వినబడింది. దాని వెనకే, హెడ్‌ఫోన్ ఉన్న చెవికి ఇంకొకటి. పాప మళ్ళీ కొట్టింది. మళ్ళీ రెండు. "ఏమండీ, ఒకసారి రండి" అన్న ఆ గొంతుకు, పాపకేమైందోనని భర్త సగం గడ్డం గీసుకున్న మొహంతోనే పరిగెత్తుకొచ్చాడు.

ల్యాబు మనిషి కదా, ఒక్కొక్కటే మార్చి చూద్దామన్నాడు. పెట్టెమీద మధ్య నాబ్‌ను ఒకవైపు తిప్పితే మైకులో పడ్డ శబ్దం తిన్నగా చెవికొస్తోంది. రెండోవైపు తిప్పితే లాప్‌టాప్‌లోకి వెళ్ళి, ఆలస్యంగా తిరిగొస్తోంది. మొదటిరోజే ఆమె దాన్ని పూర్తిగా రెండోవైపు తిప్పేసింది. తిన్నగా వింటే ఫిడేలు బీరువా తలుపు కిర్రుమన్నట్టుంది మరి! లాప్‌టాప్ గుండా వస్తే కాస్త ప్రతిధ్వని చేరి పెద్ద హాల్లో వాయిస్తున్నట్టుండేది. ఆ మోజు వెంట ఆలస్యమూ వచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళయితే తడబడి ఆగిపోయేవాళ్ళు. ఆమె ఆగలేదు. చెవిలోని ఫిడేలు వెనకబడుతుంటే, సాగదీసే గాయకుణ్ణి లాక్కొచ్చినట్టే, తనకే తెలియకుండా విల్లును ముందుకు నెట్టింది. చెవిలో అంతా చక్కగా కలిసింది. రికార్డయింది మాత్రం ముందుకు పరుగెత్తింది.

నాబ్ తిప్పి మళ్ళీ వాయించి పంపితే, మిక్స్ చేసేవాళ్ళు మారుమాట లేకుండా తీసుకున్నారు. ఆ రాత్రి ఆమె పాపకంటే ముందే నిద్రపోయింది.

తర్వాతి పాటను తమ్ముడు తనే మిక్స్ చేసి పంపాడు. ఈసారి ఫిడేలు తాళం వెనక కాళ్ళీడ్చుకుంటూ వస్తోంది. నాబ్ చూసింది, సరిగ్గానే ఉంది. తన దగ్గరున్న రికార్డింగు విన్నది. అదీ సరిగ్గానే ఉన్నట్టనిపించింది. కానీ ఆ అనిపించడం మీదే ఆమెకిప్పుడు నమ్మకం లేదు. ఫోన్ చేసింది.

"నా ఫిడేలుని ఏమైనా చేశావా?"

"కంప్యూటర్లో కొంచెం వెనక్కి జరిపానక్కా. ఎప్పుడూ జరిపేదే."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు ఇంట్లో రికార్డు చేసిన మొదటి పాట నుంచి." తమ్ముడు గొంతు తగ్గించాడు. "పాప పుట్టింది, నిద్రలుండవు, అందుకే అనుకున్నా. తాళం తప్పుతోందని నీతో ఎలా అనను? నాకు తాళం నేర్పిందే నువ్వు."

అదిరిందక్కా అన్న జవాబులన్నీ ఆమెకు వరసగా గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ తను పనిచేస్తున్నాననుకుంది. ఇన్నాళ్ళూ తనను మోస్తున్నారు. నాబ్ సంగతి చెబితే, ఓస్ అంతేనా అని అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఆమెకు మాత్రం అది అంతటితో పోలేదు.

"జరపకుండా పెట్టు. ఇద్దరం విందాం."

ఫోన్లోనే పాట వినిపించాడు. బాగుందక్కా అన్నాడు.

"బాగుందనకు. ఎక్కడ తప్పిందో చెప్పు."

తప్పేమీ లేదన్నాడు. మళ్ళీ పెట్టమంది. రెండోసారి పాట అయిపోయాక, అతను తనంతట తనే ఒకచోటు నుంచి మళ్ళీ పెట్టాడు.

"రెండో చరణం చివర కాస్త ముందుకెళ్ళావక్కా," అన్నాడు చివరికి. "అక్కడొక్కచోటే. అది జరిపితే సర్దుకునేది కాదు, మళ్ళీ వాయించాల్సిందే."

చేతికి పడ్డ అలవాటు నాబ్ తిప్పినంత సులువుగా పోలేదన్నమాట. ఆమె చెంపలు తుడుచుకుంది. పక్కగదిలో పాప కదిలిన చప్పుడైంది.

"సాయంత్రానికి పంపుతా. ముట్టుకోకుండా విను," అని ఫోను పెట్టేసింది.