కట్టమీది పుట్ట

చిన్నదాని పాదాలు కడగబోయి ఆగిపోయినాను. మా కుంటకట్ట వెనక, అడుగున, ఎప్పుడూ సన్నగా ఊట కారుతుంటుంది. నా కూతుళ్ళిద్దరూ అందులోనే ఆకులు వదిలి ఆడుకుంటారు. కాలిగోళ్ళు కనబడేంత తేట నీళ్ళు. ఆ మధ్యాహ్నం అవి టీ రంగులో ఉన్నాయి. దోసిట్లో పట్టి వదిలితే అరచేతిలో ఎర్రమన్ను మిగిలింది. వాన నిలిచి చాలాసేపయింది, పైనుంచి కొట్టుకొచ్చిన మన్ను కాదు. కట్ట లోపలి మన్నే.

చిన్నదాన్ని చంకనేసుకొని, పెద్దదాని రెక్క పట్టుకొని లాక్కుంటూ పైకి పరిగెత్తినాను.

మా ఆయన వచ్చి చూసినాడు. ఊటకు నేరుగా పైకి ఎక్కిపోతే కట్టమీది పుట్ట దగ్గర తేలినాము.

మా మామగారి నాన్న వంకకు అడ్డంగా వేసిన మట్టికట్ట అది. ఏటేటా కంపచెట్లు కొడతాం, వానకు కోసుకుపోయిన చోట మన్ను వేస్తాం. పుట్టను మాత్రం ఎవరూ ముట్టరు. వానాకాలం మొదట్లో వచ్చే ఆడి నెల శుక్రవారాల్లో మా అత్త అక్కడ పాలు పోస్తుంది. పెళ్ళయి వచ్చినప్పటినుంచి నేనూ పోస్తున్నాను. పోసిన పాలు చుక్క నిలవకుండా దిగిపోయేవి. స్వామి తాగినాడని సంతోషపడేవాళ్ళం. చెదలు కట్టను లోతుగా తొలిచిన దారి అదని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

కుంట నిండుగా ఉంది. కింద వంక పక్కనే మామగారి తమ్ముడి ఇల్లు, ఇంటి ముందు టమోటా తోట. కట్ట తెగితే ఆ ఇల్లు ఉండదు. తూము తెరిచినా చాలదు, పక్కన గండి కొట్టి నీళ్ళు వదలాలి. వదిలితే తోట పోతుంది.

మా ఆయన గడ్డపార తీస్తుండగానే నేను పోయి చిన్నమామకు సంగతి చెప్పినాను.

"రేపు కోతకు కూలోళ్ళను పిలిచినా కోడలా. ఒక్కరోజు ఆగదా మీ కట్ట?"

"ఆగుతుందని చెప్పలేను చిన్నమామా. ఆవులను తోలుకొని మెట్టకెక్కండి."

"పాలు పోసింది మీరు, తాగింది మీ పాము, కక్కేది నా తోటలోనా?"

లోపలినుంచి చిన్నత్త అరిచింది: "ముందు ఆవులను విప్పయ్యా! ఆ జగడమేదో మెట్టమీద పెట్టుకుందువు!"

రాతినేల ఉన్న పక్కనే కొంచెం కొంచెంగా గండి కొట్టినాము. నీళ్ళు టమోటా చెట్ల ఊతకర్రలను పడదోసుకుంటూ పోయినాయి. పండ్లూ కాయలూ కలిసి వంకలో తేలిపోతుంటే చిన్నమామ తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకొని చూస్తూ కూర్చున్నాడు. ఇల్లు నిలిచింది. పొద్దు గూకేసరికి ఊట సన్నబడింది, తేటబడింది.

నీళ్ళు బాగా కిందికి దిగినాక మా అత్త పుట్టకు పసుపు కుంకుమ పెట్టి, "ఇంకో చోటికి పో తండ్రీ" అని మొక్కింది. గడ్డపార తనే కొడుకు చేతికి అందించింది. తవ్వితే భుజందాకా చెయ్యి పట్టే బొరియ. దాని కింద ఇంకొకటి.

వాన చప్పుడైతే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. ఇదీ అట్లాంటి రాత్రే, లేచి రాసుకుంటున్నాను. ఎండాకాలానికని నిలిపిన నీళ్ళు పోయినందుకంటే ఆ తోట పోయినందుకే మనసు పీకుతుంది. కుంట ఎండి ఉన్నప్పుడే ఆ పుట్టను తీసి, మన్ను తడిపి దిమ్మిస కొట్టి గట్టిచేసి ఉంటే ఒక్క కాయ కూడా పోయేది కాదు. చిన్నమామ ఇంకా మా గడప తొక్కలేదు.

గండి కొట్టిన మరునాడు పొద్దున బురద నిండిన తోటను చూసి పెద్దది అడిగింది: "తాత తోటను నాన్నేనా పాడుచేసింది?"

ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. "అవునమ్మా, మనమే. తాత ఇల్లు కొట్టుకుపోకూడదని చేసినాం. కట్టను సరిగ్గా చూసుకొని ఉంటే తోట కూడా మిగిలేది. ఇప్పుడు పోయి ఊతకర్రలు ఏరి ఇద్దాం. తాత మనతో మాట్లాడకపోవచ్చు. అయినా మీరు పలకరించండి."