పేటలో మొదటి డిష్

"...మాటిచ్చొచ్చినోడి ఇంటి మీదే డిష్ లేత్తే, రేపు పెద్దల్లో కూకున్నప్పుడు నా మొకం ఏ గుడ్డతో కప్పుకోమంతావే?"

"నీ మొకానికి గుడ్డ నాను కొన్లేదు మావా. డిష్ కొనుక్కున్నాను."

గోడ అవతల ఎండు చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళ చేతులు ఆగాయి. పేటలో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. తాతబాబుకీ, అతని పెళ్ళాం తాయారుకీ మధ్య ఈ గొడవ కొన్నాళ్ళుగా నడుస్తోంది కాబట్టి, వింటున్నవాళ్ళకి మొదటి నుంచీ ఎవరూ చెప్పనక్కర్లేదు. కొత్త సంగతల్లా డిష్ ఇంటికి వచ్చేయడం. అట్టపెట్టెలో, మంచం కింద ఉంది.

అది 2007. ఊళ్ళో మేడల మీద డిష్‌లు అప్పటికే కనిపిస్తున్నాయి. సముద్రం ఒడ్డున ఉన్న ఈ పేటలో మాత్రం ఒక్కటీ లేదు. ఉండడానికి వీల్లేదు. పేటలో ఏ హక్కయినా పెద్దలు గంగమ్మ గుడి అరుగు మీద ఏటా వేలం పాట పెట్టి ఇస్తారు. ఐసు అమ్మే హక్కయినా, సైకిల్ స్టాండు అయినా అంతే. వచ్చింది అమ్మవారి పండగకి పోతుంది. ఒకప్పుడు పండగ సారా పాట మీద నడిచేది. సారా పోయాక ఆ లోటు కేబుల్ పాట తీర్చింది. కొన్నేళ్ళుగా ఆ పాట కొండలరావుదే. ఈసారి పాటకి ముందు అతను వెనక్కి తగ్గాడు. ఊళ్ళోలాగా ఇక్కడా ఇంటింటికీ డిష్ లేస్తే తన వైర్లు బట్టలారేసుకోవడానికి తప్ప పనికిరావన్నాడు. అప్పుడు పెద్దలు అమ్మవారి ముందు మాటిచ్చారు, పేటలో ఏ ఇంటి మీదా డిష్ ఉండదని. అందరికంటే గట్టిగా ఆ మాట అన్నది తాతబాబు.

తాతబాబు వేటకి పోవడం మానేసి చాలా కాలమైంది. మరబోటు మీద వల లాగుతుంటే నడుం పట్టేసింది. అది మళ్ళీ సరిగ్గా కుదరలేదు. తండ్రి పెద్దల్లో ఒకడు, తండ్రి పోయాక ఆ చోటు కొడుక్కి వచ్చింది. అప్పటినుంచి అతని పని అరుగు మీదే. పొద్దున్న భుజాన తువ్వాలు వేసుకుని వెళ్ళి, భోజనానికి వచ్చి, మళ్ళీ వెళ్ళేవాడు. వల తగాదాలు, ఆలుమగల తగాదాలు తీర్చేవాడు. ఇల్లు తాయారు గంప మీద నడిచింది. ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. ఈ గొడవలో మాత్రం రెండుసార్లు అంది.

తాయారు భీమిలి వైపు నుంచి కోడలిగా వచ్చింది. ఇంకా చీకటి ఉండగానే ఇసక మీద ఉండేది. పడవలు ఒడ్డెక్కి చేపలు కుప్పలు పోశాక పాట మొదలయ్యేది. మిగతా ఆడవాళ్ళు అరుస్తుంటే తాయారు ఓడల వైపు చూస్తూ, ఈ సరుకుతో తనకి పనేమీ లేనట్టు నిలబడేది. వాళ్ళు అలిసిపోయాక ఒక్క మాట అనేది. దాని మీద పాడేవాళ్ళు తక్కువ. ఆమె అంటే ఇష్టపడేవాళ్ళూ తక్కువే. తరవాత నలుగురితో కలిసి ఆటోలో మద్దిలపాలెం పోయి, అక్కడి సందుల్లో ఇంటింటికీ తిరిగి అమ్మేది. ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని బేరమాడే ఇల్లాళ్ళ గుమ్మాల్లో గొంతుక్కూర్చుని వంజరాలు కోసిచ్చేది. నిన్నటి చేపేమో అని ఎవరైనా అంటే మారుమాటాడకుండా గంప ఎత్తుకుని వెళ్ళిపోయేది. వాళ్ళే వెనక్కి పిలిచేవాళ్ళు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరి, నీళ్ళు పోసుకుని, అన్నం తిని, టీవీ ముందు కూర్చునేది. రాత్రి పేటంతా చూసే సీరియల్ ఆమె చూడలేదు. ఆ వేళకి నిద్రపోయి ఉంటుంది. అదే సీరియల్ మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు. అది చూసేది. రోజు మొత్తంలో ఆమె చేతులు ఊరికే ఉండేది అప్పుడొక్కప్పుడే. ఆ కాసేపు ఆమెను ఎవరూ పలకరించకూడదు. చావు కబురు తెచ్చినవాడైనా గుమ్మంలో ఆగాల్సిందేనని పేటలో నవ్వుకునేవారు.

ఆ వేసవిలో కొండలరావు మధ్యాహ్నాలు కేబుల్ కట్టేయడం మొదలుపెట్టాడు. మెషిన్లు వేడెక్కిపోతున్నాయని చెప్పాడు. భోంచేసి, కంట్రోల్ రూముకి తాళం వేసి, ఇంటికి పోయి పడుకునేవాడు. తాయారు వెళ్ళి అడిగింది.

"అప్పా, పేటంతా రేత్రి సూత్తారు. నీ ఒక్కదాని కోసం మెషిన్ కాల్సుకోమంతావా?" అన్నాడు.

రెండోసారి నలుగురూ ఉండగా అడిగింది. సీరియల్ అంత ముఖ్యమైతే గంప మానేసి రాత్రిళ్ళు మేలుకోమని నవ్వాడు. నలుగురూ నవ్వారు. ఆమె ఇంటికొచ్చి, పెద్దల్లో ఉన్నావు కదా, నువ్వు చెప్పమని మొగుణ్ణి అడిగింది. ఆడవాళ్ళ సీరియళ్ళ సంగతి అరుగు మీద ఎత్తితే తనని మనిషిగా చూడరన్నాడు తాతబాబు. అడిగినప్పుడల్లా అదే చెప్పాడు. ఎండలు పోయి వానలొచ్చినా కొండలరావు మెషిన్లు చల్లబడలేదు. ఒకరోజు చేపలమ్మిన తరవాత తాయారు మద్దిలపాలెం నుంచి నేరుగా ద్వారకా నగర్ పోయి డిష్ కొని తెచ్చింది.

బిగించే మనిషి మర్నాడు వచ్చేసరికి ఇంటి నిచ్చెన లేదు. తాతబాబు పొద్దున్నే దాన్ని ఎక్కడికో మోయించేశాడు. ఇరుగుపొరుగుని అడిగితే ఎవరికీ నిచ్చెన లేదన్నారు. ముందు రోజు ఒకరి గోడకి ఆనించి ఉన్నదాన్ని తాయారు చూసింది. ఐసు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కిందది కదలకుండా తను పట్టుకుని, ఆ మనిషిని శ్లాబు మీదకి ఎక్కించింది. వీధిలో జనం పోగయ్యారు. కొండలరావు మోటారు సైకిల్ మీద వచ్చి, కాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం ఆమె సీరియల్ చూసింది. బొమ్మ చాలా బాగా వచ్చింది. చూడ్డానికి ఎవరూ రాలేదు. భోజనానికి వచ్చిన తాతబాబు టీవీకి వీపు పెట్టి తిని, ఎంగిలి కంచం తోసేసి లేచిపోయాడు.

సాయంత్రం కబురొచ్చింది.

అరుగు మీదకి ఆడవాళ్ళు ఎక్కరు. కింద ఇసకలో నిలబడతారు. ఇంటి తప్పుకి మగవాడు జవాబు చెప్పాలి. తప్పు పెద్దల్లో ఒకరి ఇంటిదైతే, ఆ పెద్ద దిగి కింద నిలబడాలి. తాతబాబు దిగాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. అతను లేచిన చోట, అరుగు అంచున, కొండలరావు కూర్చున్నాడు.

కొండలరావు ఎక్కువ మాట్లాడలేదు. మాట నిలబడనప్పుడు పాట కూడా నిలబడదని, వైర్లు చుట్టుకుని పోతానని, పండగ ఎలా చేసుకుంటారో చూసుకోమని అన్నాడు. పెద్దలందరిలోకీ వయసు మీరిన తవిటయ్య తాతబాబు వైపు తిరిగాడు. డిష్ రేపు దిగాలని, దిగకపోతే ఆ ఇంటివాళ్ళకి ఒడ్డు మీద పాట పాడే హక్కు ఉండదని, తాతబాబుకి అరుగు మీద చోటూ ఉండదని చెప్పాడు.

"ఒక కుండలో కూడు తిన్నోల్లకి తప్పు కూడా ఒకటేరా," అన్నాడు.

డిష్ దింపమని పెళ్ళానికి చెప్పినా దింపదని తాతబాబుకి తెలుసు. అరుగు మీద కొండలరావు కాళ్ళు చాపుకున్నాడు.

"ఆ ఇల్లు నాది కాదు," అన్నాడు తాతబాబు. "పట్టా దాని పేరన ఉంది. దానిది ఏరు కుండ, నాది ఏరు కుండ. ఆ డిష్‌తో నాకు పన్లేదు."

అన్నదమ్ములు పంచుకున్నప్పుడు, ఆలుమగలు విడిపోయినప్పుడు పెద్దల ముందు అనే మాట అది. అయితే విడిపోకుండా అన్నవాళ్ళూ ఉన్నారు. సారా రోజుల్లో ఒకడు తప్పు పెళ్ళాం మీదకి తోసేయడానికి ఇలాగే వేరు కుండ అన్నాడు. పెద్దలు పెళ్ళానికి తప్పు వేసి డబ్బు కట్టించారు. ఆ పూటే వాడు ఇంటికి పోయి ఆమె వండిందే తిన్నాడు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. తాతబాబుకీ తెలుసు.

తవిటయ్య మొహం తేలికపడింది. అలాగైతే తప్పు ఆడదానిదే, నీ చోటు నీదేనన్నాడు. కొండలరావుని జరగమన్నాడు. తాతబాబు అరుగెక్కి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళలో ఎవరో నవ్వారు.

తాయారు ఇసకలో ముందుకి వచ్చి నిలబడి ఉంది. ఆమెకి ఎంత తప్పు వేయాలో పెద్దలు తమలో తాము మాట్లాడుకున్నారు. మాట తేలాక, వాడుక ప్రకారం తవిటయ్య ఆమెను అడిగాడు.

"ఇన్నావు గదే తాయారూ. ఏటంతావు?"

"ఇన్నాను బాబూ," అంది తాయారు. "ఏరు కుండని ఆయనే అన్నాడు, మీరందరూ ఇన్నారు. నాను ఒప్పుకుంతన్నాను. డిష్ దింపను. రేపట్నుంచి హార్బరుకి పోయి సరుకు కొనుక్కుంతాను. ఆయన కుండ ఎక్కడెట్టుకుంతాడో మీరే సూసుకోండి."