ఆంటీ రమ్మంది, వెళ్ళాను

పోయిన శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి కొలరాడోలో ఒక కొండ మీద కదలకుండా ఉండిపోయింది. అంటే, నా ఫోన్‌లో దాని పేరున్న చుక్క ఉండిపోయింది. ఇంట్లోవాళ్ళు ఎవరెక్కడున్నారో చూపించే సదుపాయం ఒకటి ఫోన్లలో వచ్చింది కదా, దాన్ని కనిపెట్టినవాడెవడో గానీ వాడికి తల్లి మనసు బాగా తెలుసు, తల్లి ఆరోగ్యం సంగతి మాత్రం బొత్తిగా పట్టలేదు. ఆస్టిన్‌లో తన అపార్ట్‌మెంట్‌లో బట్టలుతుక్కుంటోందనుకున్న పిల్ల కొలరాడోలో స్కీయింగ్ చేస్తోందని నాకు చెప్పింది ఆ చుక్కే. ఇక్కడ న్యూజెర్సీ ఎడిసన్‌లో నేను వంటింట్లోంచి హాల్లోకీ, హాల్లోంచి వంటింట్లోకీ తిరుగుతున్నాను. పొయ్యి మీద పప్పు మాడింది. మా ఆయన సోఫాలోంచి తల తిప్పకుండా, "కంగారు పడకు, లైన్‌లో నిలబడి ఉంటుంది" అన్నారు. పెళ్ళైనప్పటి నుంచీ ఆయనకు ఈ "కంగారు పడకు" ఒక్కటే వచ్చు. చివరికి అది ఫోనెత్తి, "అమ్మా, లంచ్ తింటున్నా. ప్లీజ్, రిలాక్స్" అని పెట్టేసింది. నేను మాడిన పప్పు గిన్నె నానబెట్టి కూర్చున్నాను గానీ, మనసు మాత్రం ఈ పిల్ల మొదటిసారి మంచు మీద జారే పలకలు, స్కీలు, కాళ్ళకి తొడుక్కున్న రోజు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజే నేనూ తొడుక్కున్నాను. ఎందుకు తొడుక్కున్నానో, ఎలా దిగానో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

నాకు చిన్నప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవదు. మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. అలాంటి దాన్ని పెళ్ళి చేసి, తీసుకొచ్చి న్యూజెర్సీ చలికాలంలో పడేశారు. వీసా వల్ల ఉద్యోగం చెయ్యకూడదు, డ్రైవింగ్ రాదు, బయట మోకాళ్ళలోతు మంచు. కిటికీ దగ్గర నిలబడి మంచు తీసే బండి ఎప్పుడొస్తుందా అని చూడటమే నా కాలక్షేపం. తర్వాత డ్రైవింగ్ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది గానీ, చలికాలమంటే నాకున్న ఆ కోపం పోలేదు. కాబట్టి మా అమ్మాయి సెకండ్ గ్రేడ్‌లో ఉండగా, మా ఆయన ఆఫీస్‌లో పనిచేసే కరీంనగర్ స్నేహితుడు లాంగ్ వీకెండ్‌కి రెండు కుటుంబాలూ కలిసి పెన్సిల్వేనియా కొండల్లోకి స్కీయింగ్‌కి వెళ్దామన్నప్పుడు, "మంచు చూడటానికి మంచులోకే వెళ్ళాలా?" అన్నాను. కానీ అందరికంటే ముందు పెట్టె సర్దింది నేనే. ఎక్కడికైనా సరే, వెళ్దామంటే చాలు నాకు.

ఆ స్నేహితుడి భార్యని నేను వదిన అనేదాన్ని. వదినకి ప్రయాణమంటే వంట. రైస్ కుక్కరు, పులిహోర, పెరుగన్నం, మాగాయ సీసా, ఫ్లాస్క్ నిండా సాంబారు, అన్నీ కారెక్కాయి. కొండ కింద ఒక పెద్ద హాలు ఉంటుంది. బూట్లు మార్చుకోవడానికీ, తినడానికీ, చలి కాచుకోవడానికీ అందరూ అక్కడికే వస్తారు. అందులో కిటికీ పక్కన ఒక బల్ల పట్టి, దాని మీద డబ్బాలన్నీ పరిచి, వదిన కుర్చీలో స్థిరపడిపోయింది. మనవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా బల్లకి ఒక మనిషి కాపలా ఉండాల్సిందే. ఆ మనిషి ఆడమనిషే అయి ఉంటుందన్నది ఎవరూ పైకి చెప్పరు. వదినకి తోడు నన్నూ కూర్చోబెట్టారు. నేను కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరగడం మొదలుపెట్టేసరికి, "గట్ల తిరుగకే, నా కండ్లు తిరుగుతున్నయ్. జర కూసో, లేకుంటె నువ్వు గూడ పోయి జారు" అంది. నేను రెండోది ఎంచుకున్నాను.

ఆ బూట్లు తొడుక్కున్నవాళ్ళకే తెలుస్తుంది వాటి బాధ. రెండు కాళ్ళూ రెండు రోళ్ళలో పెట్టి నడవమన్నట్టే. సల్వార్ మీదే అద్దె ప్యాంటు బిగించి, బొట్టు మీదకి హెల్మెట్ లాక్కుని, పెద్దవాళ్ళ క్లాసులో వెళ్ళి నిలబడ్డాను. మా ఆయన అప్పటికే అందులో ఉన్నారు. వారం రోజులుగా వీడియోలు చూసి వచ్చిన మనిషి, కాబట్టి నాకంటే ముందు పడ్డారు. నేర్పించేవాడు తెల్లగడ్డం తాత. పాఠమంతా రెండే మాటలు. స్కీల ముందు కొసలు రెండూ దగ్గరికి తెచ్చి, వెనక కొసలు దూరంగా జరిపితే పిజ్జా ముక్క ఆకారం వస్తుంది, అప్పుడు వేగం తగ్గుతుంది. రెండూ సమానంగా పెడితే ఫ్రెంచ్ ఫ్రైలు, అప్పుడు దూసుకుపోతాం. నాకు ఫ్రెంచ్ ఫ్రైలు వెంటనే వచ్చేశాయి. పిజ్జా రాలేదు. క్లాసు అయ్యేసరికి, నాలుగడుగుల వాలులో పడకుండా ఆగడం ఎప్పుడైనా ఒకసారి కుదిరేది. తాత నా భుజం తట్టి, ఈ పూటకి ఈ చిన్న వాలు దాటి ఎక్కడికీ వెళ్ళొద్దమ్మా అన్నాడు. ఆ మాట నన్నొక్కదాన్నే పక్కకి పిలిచి చెప్పడం నాకు నచ్చలేదు.

మా అమ్మాయి పిల్లల క్లాసులో ఉంది. వాళ్ళు ఎక్కడికి వెళ్ళారో, ఏం చేశారో మేము చూడలేదు. పులిహోర తింటూ "ఫన్‌గా ఉంది" అంది, అంతే. తిన్నాక తండ్రీకూతుళ్ళు మళ్ళీ బయటికెళ్ళారు. నేను వదినతో కలిసి డబ్బాలు సర్దుతున్నాను గానీ కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. కాసేపటికి నావల్ల కాక బయటికొచ్చాను. మా ఆయన మంచులో కూర్చుని, ఊడిపోయిన స్కీని బూటుకి తగిలించుకోలేక అవస్థ పడుతున్నారు.

"పాపేదండీ?"

"ఇక్కడే ఉంది" అని పక్కకి చెయ్యి చూపించారు. ఆ పక్కన ఎవరూ లేరు.

అప్పుడు చూశాను. ఎదురుగా పెద్ద కొండ. దాని మీదికి తీగకి వేలాడుతూ కుర్చీలు వరసగా, ఆగకుండా వెళ్తుంటాయి. అందులో ఒక కుర్చీలో ఊదారంగు హెల్మెట్ పెట్టుకున్న ఎవరో ఆవిడ, ఆవిడ పక్కన ఆకుపచ్చ కోటు. రెండేళ్ళు రావాలని రెండు సైజులు పెద్దది కొని, చేతులు మడత పెట్టి తొడిగిన కోటు. అది నా పిల్ల కోటు. ఆ కుర్చీ అప్పటికే చెట్ల చిటారు కొమ్మల దాకా వెళ్ళిపోయింది.

"దిగు! దిగు!" అని కేకలు పెట్టాను. అంత ఎత్తున గాల్లో ఉన్న పిల్లని దిగమంటున్నానని అప్పుడు తట్టింది. "వద్దొద్దు! దిగకు! కదలకు!" అని మళ్ళీ అరిచాను. కుర్చీల కోసం లైన్‌లో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. మా అమ్మాయి మాత్రం తిరగలేదు. ఆ కుర్చీ ఒక మలుపు దాటి కనపడకుండా పోయింది.

"కంగారు పడకు. పైకెళ్ళినవాళ్ళు ఎలాగూ కిందికే రావాలి" అన్నారు మా ఆయన.

"ఎలా వస్తుందోనే కదండీ నా భయం!" అని ఆయన మీద విరుచుకుపడి, స్కీలు తగిలించుకుని లిఫ్ట్ లైన్‌లో దూరిపోయాను. దాన్ని నడిపే కుర్రాడు ఇదే మొదటిసారా అని అడిగితే కాదని చెప్పాను. వెనకనుంచి వచ్చిన కుర్చీ మోకాళ్ళ వెనక తగిలి నన్ను ఎత్తుకుపోయింది. కింద మంచు, మనుషులు, అన్నీ చిన్నవైపోతుంటే కడ్డీని రెండు చేతులతో పట్టుకుని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను, పిల్ల క్షేమంగా దొరికితే గుండు కొట్టిస్తానని. ఎవరి గుండో స్పష్టంగా చెప్పలేదు. తర్వాత ఆ మొక్కు మా ఆయన చేత తీర్పించాను. ఆయనకి అప్పటికే సగం పని అయిపోయి ఉంది కాబట్టి పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

పైన కుర్చీలోంచి లేచి జారాలట. నేను లేవడమైతే లేచాను, జారడం మాత్రం కూలబడి జారాను. లిఫ్టంతా ఆపి ఇద్దరు నన్ను పక్కకి లాగారు. కూర్చున్నచోటి నుంచే చుట్టూ చూశాను. ఆకుపచ్చ కోటు లేదు. మూడు వైపులకి మూడు దారులు, దేని చివరా కనపడదు. ఎవరెవరో నన్ను దాటుకుని దూసుకుపోతున్నారు. పిల్లని పేరు పెట్టి పిలిచాను. గాలికి నా గొంతు నాకే వినపడలేదు. ఈ చెట్లలో ఎక్కడైనా పడిపోయి ఉంటే? ఆవిడెవరో ఏమిటో? స్కూల్లో చేర్చిన రోజు నుంచీ దాన్ని కనుచూపు దాటి ఎక్కడికీ పంపని దాన్ని, బస్‌స్టాప్‌కి కూడా చెయ్యి వదలకుండా తీసుకెళ్ళే దాన్ని, ఒక పులిహోర డబ్బా మూత పెట్టేంత సేపట్లో పోగొట్టుకున్నాను. అంతలో కోటు కింద, స్వెటర్ కింద ఎక్కడో ఫోన్ మోగింది.

"పాప ఇక్కడే ఉంది, ఇప్పుడే జారుకుంటూ వచ్చేసింది. నువ్వెక్కడున్నావ్?" అన్నారు మా ఆయన.

"పైన."

పెళ్ళైనప్పటి నుంచీ మొదటిసారిగా ఆయన గొంతులో కంగారు విన్నాను. "కదలకు! అక్కడే కూర్చో! ఎవర్నైనా పంపిస్తాను!"

ఆ మంచులోనే కూర్చుని ఏడ్చాను. భయంతో ఏడిచింది కొంత, పిల్ల దొరికినందుకు ఏడిచింది కొంత. దిగాలంటే నాకు పిజ్జా రాదని గుర్తొచ్చి ఏడిచింది ఇంకొంత. అలా ఉండగా కుర్చీలోంచి ఊదారంగు హెల్మెట్టూ ఆకుపచ్చ కోటూ దిగాయి. మా అమ్మాయి జారుతూ వచ్చి నా ముందు చక్కగా ఆగింది.

"అమ్మా, ఏడుస్తున్నావా?"

"గాలి. నువ్వెందుకు వెళ్ళావే? ఎవర్నడిగి వెళ్ళావ్? తెలియనివాళ్ళతో వెళ్ళొద్దని చెప్పలేదూ?"

"స్ట్రేంజర్ కాదమ్మా, ఆంటీ. ఆంటీ రమ్మంది, వెళ్ళాను. నువ్వే చెప్పావ్ కదా, ఆంటీ పిలిస్తే నో చెప్పద్దు అని."

నిజమే, చెప్పాను. ఎవరింటికి వెళ్ళినా ఆంటీ పిలిస్తే వెళ్ళాలి, పెట్టింది తినాలి, ఎదురు చెప్పకూడదు అని దానికి మాటలొచ్చినప్పటి నుంచీ నూరిపోశాను. స్కూల్లో వాళ్ళు స్ట్రేంజర్ అంటే భయపడమన్నారు. ఈ పిల్ల రెండు పాఠాలూ శ్రద్ధగా విని, నవ్వుతూ పలకరించిన ప్రతి ఆడమనిషినీ ఆంటీల్లో కలిపేసింది. పొద్దున క్లాసులో పిల్లలంతా ఇదే లిఫ్టెక్కి రెండుసార్లు దిగారట. పిల్లల్ని పెద్దవాళ్ళ పక్కన కూర్చోబెట్టడం అక్కడ మామూలే. ఆవిడకి మా అమ్మ వయసుంటుంది. లైన్ పక్కన ఒంటరిగా నిలబడ్డ పిల్లని జత కావాలా అని అడిగితే "యెస్, ఆంటీ" అందట. అక్కడివాళ్ళకి ఆంటీ అంటే సొంత చుట్టమే కాబట్టి, హఠాత్తుగా మేనకోడలు దొరికినట్టు మురిసిపోయానని ఆవిడే నాతో చెప్పి, కంగారు పెట్టినందుకు ఎన్నోసార్లు క్షమించమంది. ఆవిడ మీద దాచిపెట్టుకున్న కోపమంతా ఎటు పోయిందో పోయింది. పిల్లతో మాత్రం, "ఇంకెప్పుడూ నన్నడక్కుండా ఎక్కడికీ వెళ్ళకు, ఏ ఆంటీ పిలిచినా సరే" అని ఒట్టు వేయించుకున్నాను.

మంచు మీద కాపలా తిరిగేవాళ్ళని పిలిస్తే స్ట్రెచర్ బండిలో దించుతారని ఆంటీ చెప్పింది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "అమ్మ స్కీ చేస్తుంది. ఐ విల్ టీచ్ హర్" అని నా ముందుకొచ్చి, కాస్త దూరం జారి ఆగి, నా వైపు తిరిగి మొదలుపెట్టింది. "అమ్మా, కొండ చూడకు. నన్ను చూడు. బిగ్ పిజ్జా. ఇంకా బిగ్. ఆఁ, గుడ్!" మా అమ్మ నాకు గోరుముద్దలు తినిపించినప్పుడు కూడా అంత ఓపిక చూపించలేదు. నేను పడ్డాను. ఆంటీ వెనకనుంచి లేపింది. మళ్ళీ పడ్డాను. మా అమ్మాయి ప్రతి మలుపులోనూ ఆగి, నేను వచ్చేదాకా నిలబడి, మళ్ళీ కదిలేది. సగం కొండ దిగాక ఎలా జరిగిందో తెలియదు గానీ, ఒక వెడల్పాటి వాలులో నా కాళ్ళు రెండూ చెప్పినమాట విన్నాయి. పడలేదు. చెట్లు పక్కకి జరుగుతున్నాయి, ముక్కుకి గాలి కొడుతోంది, కాళ్ళ కింద మంచు సరసరమంటోంది. ఇన్నాళ్ళూ ఇంట్లో హాలంతా తిరిగినా తీరని నా దురద ఏదో ఆ కాస్త దూరంలో తీరింది. ఆనందంతో గట్టిగా అరిచాను. స్కీయింగ్ నేర్చుకోవడమంటే అదే అయితే, నేను నేర్చుకున్నది అక్కడే.

కిందికి చేరేసరికి వదిన బల్ల వదిలేసి బయటికొచ్చి నిలబడి ఉంది. "మా పాణాలు పోయినయ్ కదనే!" అని నన్ను కావలించుకుంది. మా ఆయన నా కోటుకంటిన మంచు దులుపుతూ ఉండిపోయారు. నేను ఊపిరి తీసుకుని తల తిప్పేసరికి మా అమ్మాయి నా ముందు నిలబడి ఉంది. కాస్త దూరంలో, లైన్ మొదట్లో ఆంటీ ఎదురుచూస్తోంది.

"అమ్మా, ఆంటీతో మళ్ళీ వెళ్ళనా?"

వద్దనడానికి నోరు తెరిచాను. ఈ పిల్ల గాల్లోకి వెళ్ళిపోవడం చూసిన కళ్ళు మళ్ళీ అది చూడగలవా? కానీ అది నన్ను ఎలా దించుకొచ్చిందో కూడా చూశాయి కదా ఆ కళ్ళే. హెల్మెట్ కిందనుంచి ముఖం పైకెత్తి, బుగ్గలు ఎర్రగా, ఊపిరి పొగలు వదులుతూ, ఒక్క అడుగు కూడా కదపకుండా నా మాట కోసం చూస్తోంది. మా ఆయన నా వైపు చూశారు గానీ కంగారు పడకు అనలేదు. చాలాసేపే అయ్యుంటుంది, లైన్‌లో ఆంటీ ఇద్దరు ముగ్గురిని ముందుకు వెళ్ళమని పక్కకి తప్పుకుంది. చివరికి, "వెళ్ళు" అన్నాను. అది వెళ్ళింది.

నన్నడిగి, నా జవాబు కోసం ఆగే వయసు అంత తొందరగా అయిపోతుందని అప్పుడు తెలిసుంటే, ఆ ఒక్క మాట చెప్పడానికి ఇంకా చాలాసేపు తీసుకునేదాన్ని.